చీటీలో లేని మాట

జనం తరఫున దేవుడికి వందనాలు చెప్పీ చెప్పీ వేదమాణిక్యం అయ్యగారు అలిసిపోయారు. ఆ మాట పైకి అనకూడదు. అంటే అయ్యగారికి విశ్వాసం సన్నగిల్లిందని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెవులు కొరుక్కుంటాయి. విశ్వాసానికేం, అది ఉండాల్సిన చోటే ఉంది. సన్నగిల్లింది మోకాళ్ళూ, నిద్రా, ఓపికా. ఇంకో మూడు ఆదివారాలు గడిస్తే పదవీ విరమణ.

ఆయన తండ్రి తాళ్ళెక్కేవాడు. రోజుకి నలభై తాడిచెట్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కొడుక్కి ఆ బాధ వద్దని చదివించాడు. కొడుకు ప్రసంగ వేదిక ఎక్కాడు. ఎక్కడం దిగడం మాత్రం తప్పలేదు. నలభై ఏళ్ళలో ఎనిమిది సేకరాలు తిరిగారు. సేకరం అంటే ఏడెనిమిది ఊళ్ళ గుళ్ళకి కలిపి ఒక్క గురువు. తిరునెల్వేలి ఎర్ర ఇసుక దారుల్లో మొదట సైకిలు, తర్వాత మోపెడు, ఇప్పుడు ఎవరైనా బండి మీద ఎక్కించుకుపోతే వెళ్ళడం. పెళ్ళిళ్ళు చేశారు, బాప్తిస్మాలు ఇచ్చారు, వానలో గొడుగు పట్టుకుని పోయినవాళ్ళని పాతిపెట్టారు. రొట్టే ద్రాక్షరసమూ పంచే బల్లారాధన ఒక్కటంటే ఒక్కటి ఎగ్గొట్టలేదు. ఆయన లెక్కలో నమ్మకమైన సేవ అంటే అదే, వేళకి వెళ్ళడం.

ఇప్పుడు ఆయనున్న ఆశీర్వాదపురంలో ఏటా స్తోత్ర పండుగ జరుగుతుంది. ఆ ఏడాది దేవుడు తమకి చేసిన మేలు ఏమిటో ప్రతి ఇంటివాళ్ళూ ఒక చీటీ మీద రాసి, తోచిన కానుక జతచేసి గుడికి పంపుతారు. పండుగ ఆదివారం నాడు ప్రసంగానికి ముందు గురువు ఆ చీటీలన్నీ ఒక్కటీ వదలకుండా గట్టిగా చదవాలి. రెండొందలకి తక్కువ ఉండవు. బోరులో నీళ్ళు పడినందుకు, గేదె పెయ్యదూడని ఈనినందుకు, తూత్తుకుడిలో అల్లుడికి ఉద్యోగం ఖాయమైనందుకు, అత్తగారికి షుగరు తగ్గినందుకు. అయ్యగారి నోట పడితేగానీ దేవుడి చెవిన పడదని ఆ ఊళ్ళో సామెతలాంటి మాట ఒకటి ఉంది. తన పేరు మైకులో వినబడేదాకా ముసలమ్మలు కునుకు తీయరు. వినబడగానే హాయిగా తీస్తారు.

కుర్రతనంలో, మొదటి సేకరంలో, అయ్యగారు ఒక చీటీ దాచేశారు. కోడలు పుట్టింటికి పోయి ఇంట్లో ప్రశాంతత దొరికినందుకు స్తోత్రం అని ఒకావిడ రాసింది. ఇదేం స్తోత్రమని పక్కన పెట్టారు. మర్నాడు ఆవిడ వచ్చి గురువుగారి ఇంటి అరుగు మీద కూర్చుంది. "నా స్తోత్రం నాకు ఇచ్చేయండి, పక్కూరి గుళ్ళో చదివించుకుంటా" అని మూడు రోజులు లేవలేదు. అప్పట్నుంచి అయ్యగారు ఏది వస్తే అది చదివేశారు. చదువుతూ వేరే ఏదో ఆలోచించుకోవడం కూడా అలవాటు చేసుకున్నారు.

ఈసారి పండుగ ముందు రోజు మధ్యాహ్నం గుడి కాపలాదారు పొన్నయ్య చీటీల సంచీ తెచ్చి ఆయన ముందు గుమ్మరించాడు. చేతిరాతలు ముందే చూసుకోకపోతే మైకు ముందు తడబడాల్సి వస్తుంది. అందుకని అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుని ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టారు. ముప్పయ్యో చీటీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. అది తవసిముత్తుది.

'తూర్పు గట్టు తాళ్ళ తోట కేసులో నా పక్షాన న్యాయం నిలబెట్టిన దేవుడికి స్తోత్రం.'

తవసిముత్తు సంఘ కమిటీ సెక్రటరీ. రేపటి విందుకి ఏడు మేకలు ఇచ్చింది అతనే. అయ్యగారి వీడ్కోలుకి జ్ఞాపిక చేయించిందీ అతనే. 'నమ్మకమైన కాపరి' అని బంగారు రంగు అక్షరాలు చెక్కించి, రంగు కాగితం చుట్టి గుడి వెనక గదిలో పెట్టాడు. అతను కేసు గెలిచింది ఎవరి మీదో పరాయివాళ్ళ మీద కాదు. చనిపోయిన తమ్ముడు జెబమణి భార్య రాసకని మీద. ఆవిడ కూడా అదే గుళ్ళో, ఆడవాళ్ళ వైపు నాలుగో వరసలో కూర్చుంటుంది. వదినా మరుదులూ, బావా మరదళ్ళూ కోర్టుకెక్కిన సంగతిని దేవుడికి స్తోత్రంగా రాసి, ఓడినవాళ్ళు వింటుండగా గురువు చేత చదివించాలనే బుద్ధి ఇంకే మతం వాళ్ళకీ పుట్టదు. అది మనవాళ్ళకే చెల్లింది.

అయ్యగారు ఆ చీటీని మడిచి పుస్తకంలో పెట్టారు. మరో పది చీటీల తర్వాత రాసకనిది కనిపించింది. పెన్సిలుతో వంకరటింకర అక్షరాలు.

'మా ఆయన పోయే రోజున పక్కన కూర్చోవడానికి అయ్యగారిని పంపిన దేవుడికి స్తోత్రం.'

ఇది చదివాక ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

ఏడేళ్ళ కింద ఆయన ఈ ఊరు వచ్చిన కొత్తలో జెబమణి తాడిచెట్టు మీదనుంచి పడ్డాడు. నడుం విరిగింది. మూడు వారాలు మంచంలో ఉన్నాడు. ఆఖరి రోజు తెల్లవారుజామున కబురొస్తే అయ్యగారు వెళ్ళారు. రాసకని లోపల గంజి కాస్తోంది. జెబమణి ఆయన చెయ్యి పట్టుకుని, తూర్పు గట్టు తాళ్ళూ బావీ తన భార్యవేనని, నాన్న పోయేటప్పుడు అన్నా తనూ నోటిమాటగా పంచుకున్నారని, కాగితం లేదు కాబట్టి అన్న కాదంటాడని, మీరే సాక్షి అని చెప్పాడు. గంజి వచ్చేలోపు ప్రాణం పోయింది.

సమాధి అయిన వారానికి అయ్యగారు తవసిముత్తు దగ్గరికి బయల్దేరారు. ఆ రోజుల్లో గుడి గంట గోపురం సగంలో ఉంది. ఆ పనంతా తవసిముత్తు నెత్తిన వేసుకుని నడిపిస్తున్నాడు. గోపురం పూర్తయ్యాక మాట్లాడదామనుకున్నారు. పూర్తయ్యాక ప్రతిష్ఠ పండుగ వచ్చింది. తర్వాత కొలతల గొడవ, తర్వాత నోటీసులు, తర్వాత కోర్టు. రాసకని తరఫు వకీలు ఇంటికొచ్చి సాక్ష్యం చెప్పమని అడిగితే, "ఇద్దరూ నా మందేనయ్యా, కాపరి కోర్టు మెట్లెక్కకూడదు" అన్నారు అయ్యగారు. ఆ మాట అన్నప్పుడు ఆయనకి అది చాలా గొప్పగా, పవిత్రంగా వినిపించింది. సాక్షి లేకపోవడంతో పోయిన నెలలో రాసకని ఓడిపోయింది.

కాఫీ తెచ్చిన జ్ఞానసెల్వి భర్త ముఖం చూసి, బల్ల మీది చీటీనీ పుస్తకంలో పెట్టినదాన్నీ తీసి చదివింది.

"ఏం చేస్తారు?" అంది.

"నువ్వే చెప్పు."

"నేనెందుకు చెప్తాను? ఏడేళ్ళ కిందే చెప్పాను. గుర్తుందా? పోయి చెప్పండి, లేకపోతే మీ కడుపులోనే కుళ్ళిపోతుంది అన్నాను."

"మూడు వారాల్లో పోతున్నాం సెల్వీ. ఈ చీటీ ఒక్కటి కనబడకుండా పోయిందనుకో, ఎవరికీ నష్టం లేదు."

"తవసిముత్తు ఊరుకుంటాడా? ఏడు మేకలిచ్చాడు. మేకకొక్కసారి చదవమంటాడు." ఆవిడ గ్లాసు ముందుకి జరిపింది. "తాగండి. తాటిబెల్లం కాఫీ చల్లారితే మందులా ఉంటుంది."

ఆయన తాగలేదు. చేతికర్ర తీసుకుని బయటికి నడిచారు. రాసకని ఇల్లు రెండు వీధుల అవతల. మోకాళ్ళు ప్రతి అడుగుకీ ఒక ఫిర్యాదు చేశాయి. నడుస్తూ ఆయన రేపటి ప్రసంగం గుర్తుచేసుకున్నారు. కృతజ్ఞత మీద ఆయనకి ఒకటే ప్రసంగం ఉంది. నలభై ఏళ్ళుగా అదే. ఎనిమిది సేకరాల్లో ఎక్కడా ఎవరూ పట్టుకోలేదు. మేలు మరవకూడదు, మేలు చేసినవాడిని మరవకూడదు, మేలు పొందామని నలుగురిలో చెప్పాలి. ఆ మూడు మాటలూ ఇప్పుడు ఆయన నాలుక మీద నమిలి ఊసిన చెరకు పిప్పిలా ఉన్నాయి. ఒక మనిషి నమ్మి ఒక పని అప్పగించడం కూడా మేలేనని, దానికి కృతజ్ఞత ఆ పని చేయడమేనని ఆ ప్రసంగంలో ఎక్కడా లేదు.

రాసకని వాకిట్లో కూర్చుని ఉడికించిన తేగలకి పీచు తీస్తోంది. ఆయన్ని చూసి చెయ్యి తుడుచుకుని లేచింది.

"అయ్యో, అయ్యగారే వచ్చారే! కబురు చేస్తే నేనే వచ్చేదాన్ని గదా. ఆ మోకాళ్ళేసుకుని ఇంత దూరమా?" అంటూ పీట వేసింది.

"కూర్చుంటే లేవలేనమ్మా. నిలబడే ఉంటాను."

"కూర్చోండి, లేపడానికి నేను లేనా. తేగ తినండి. పళ్ళున్నాయా ఇంకా?"

"కొన్ని ఉన్నాయి." ఆయన కూర్చున్నారు. తేగ చేతిలో పట్టుకున్నారు గానీ నోట్లో పెట్టుకోలేదు. "నీ చీటీ చూశానమ్మా."

"రాత బాలేదు, నాకు తెలుసు. మనవరాల్ని రాయమంటే దానికి పరీక్షలంట. చదవడానికి వస్తదా?"

"వస్తుంది. కానీ అమ్మా, అది... నన్ను ఎత్తిపొడవడానికి రాశావా?"

రాసకని పీచు తీయడం ఆపి ఆయన వంక చూసింది. నవ్వింది కూడా.

"ఎత్తిపొడవాలంటే చీటీ దేనికయ్యా? నాకు నోరు లేదా? మా ఆయన మూడు వారాలు మంచాన ఉంటే అయినవాడు ఒక్కడు గడప తొక్కలేదు. ఆ చీకటిన లేచొచ్చి చెయ్యి పట్టుకుని కూర్చుంది మీరొక్కరే. వచ్చినదానికి రాశాను. ప్రతి ఏడూ వేరే ఏదో రాస్తన్నా, మీరు పోతన్నారంట గదా, ఈసారి ఇది రాద్దామనిపించింది."

"మరి కోర్టుకి రాలేదు కదా నేను."

"రాలేదు," అంది రాసకని. "దానికి చీటీ రాయలేదుగా."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే అయ్యగారికి కాస్త ఊరటగా ఉండేది. తిడితే తల వంచుకుని వినొచ్చు, ప్రార్థన చేసి లేచి రావొచ్చు. ఈవిడ తను పొందిన మేలునీ పొందనిదాన్నీ వేరు వేరు గంపల్లో పెట్టుకుంది. ఒకదాన్నుంచి తీసి ఇంకోదాంట్లో వేయదు.

"రేపు మీ బావగారి చీటీ కూడా చదవాల్సి వస్తుందమ్మా. కేసు గురించి రాశాడు."

"రాస్తాడని తెలుసు. ఊళ్ళో వారం నుంచి చెప్పుకుంటన్నాడు. వచ్చి నాలుగో వరసలోనే కూర్చుంటా. నేనేం దొంగతనం చేశానా మూల నక్కడానికి?" ఆవిడ మళ్ళీ పీచు తీయడం మొదలుపెట్టింది. "మా ఆయన మీకేదో చెప్పి పోయాడు. నేను లోపల గంజి కాసుకుంటా ఉండిపోయాను. 'చెట్ల సంగతి చెప్పాడమ్మా, నేను మాట్లాడతాను' అన్నారు మీరు. సరే, మీరు మాట్లాడలేదు. పెద్దవాళ్ళు, మీకేం ఇబ్బందులున్నాయో."

ఆయన లేవబోతే నిజంగానే చెయ్యందించి లేపింది. తేగలు నాలుగు కాగితంలో చుట్టి అమ్మగారికి ఇమ్మంది. దారిలో ఆ పొట్లం మోయలేనంత బరువుగా అనిపించింది ఆయనకి. ఇంటికొచ్చి చాప మీద పడుకున్నారు. ప్రసంగం కాగితాలు తెరవనేలేదు.

మర్నాడు గుడి కిక్కిరిసిపోయింది. వెనక చింతచెట్టు కింద మేకకూర ఉడుకుతోంది. ఆ వాసనకి పిల్లలు పాటలు తొందర తొందరగా పాడేశారు. అయ్యగారు వేదిక దగ్గర నిలబడి చీటీలు చదవడం మొదలుపెట్టారు. బోర్లు, దూడలు, ఉద్యోగాలు, కానుపులు. మామూలుగా చదివేటప్పుడు ఆయన మనసు ఎక్కడెక్కడో తిరిగేది. ఈరోజు ఎక్కడికీ పోలేదు. రాసకని చీటీ వచ్చింది. చదివారు. ఆవిడ తల వంచుకుని విని, కొంగు సర్దుకుంది. చిట్టచివర ఆయన పుస్తకంలోంచి మడిచిన చీటీ తీశారు. తవసిముత్తు తెల్ల చొక్కా మడతలు సరిచేసుకుని నిటారుగా కూర్చున్నాడు.

"తూర్పు గట్టు తాళ్ళ తోట కేసులో నా పక్షాన న్యాయం నిలబెట్టిన దేవుడికి స్తోత్రం. తవసిముత్తు కుటుంబం."

ఎవరో దగ్గారు. ఆడవాళ్ళ వైపు తలలన్నీ నాలుగో వరసకి తిరిగాయి. అయ్యగారు చీటీని కింద పెట్టారు గానీ ప్రసంగం కాగితాలు తీయలేదు.

"రాసకనిదీ తవసిముత్తుదీ, ఈ రెండు చీటీల్లో ఒకటి నిజం, ఒకటి అబద్ధం," అన్నారు. "ఆ తోట ఎవరిదో నాకు ఏడేళ్ళుగా తెలుసు. జెబమణి పోయే ముందు నాతో మాట్లాడాడు."

తవసిముత్తు లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, చీటీలో ఉన్నది చదవండి. లేనిది చదవమాకండి. ఇది గుడి, కోర్టు కాదు."

"ఉన్నది చదివాను తవసీ. లేనిది ఇన్నాళ్ళూ చదవలేదు. అదే నా తప్పు. కూర్చోవయ్యా."

"నేను కూర్చోను."

"అయితే నిలబడి విను." అయ్యగారి గొంతు పెరగలేదు. పెంచే ఓపిక ఆయనకి లేదు. మైకుకి దగ్గరగా జరిగారంతే. "జెబమణి నాతో అన్న మాటలు ఇవి. ఒక్కటీ కలపను, ఒక్కటీ తీయను. 'అయ్యా, తూర్పు గట్టు తాళ్ళూ బావీ రాసకనివి. నాన్న పోయేటప్పుడు అన్నా నేనూ అట్టాగే అనుకున్నాం. కాగితం రాసుకోలేదు. నేను పోతే అన్న కాదంటాడు, మీరు చెప్పాలి. నా దగ్గర రాసకని కడుపు నిండా తిన్నది లేదు, ఒక పూట కూర్చున్నది లేదు. ఆ గట్టు మీద నీడుంది. అక్కడన్నా కూర్చోనీండి.' ఇంతే. ఈ ముక్క చెప్పమని నాకు అప్పగించాడు. గోపురం కట్టమని చెప్పలేదు. మీరంతా నన్ను మంచివాడనుకోవాలని చెప్పలేదు. ఇద్దరూ నా మంద అని పైకి అన్నాను. ఇద్దరిలో మేకలిచ్చేవాడి వైపు ఉన్నాను. పై కోర్టుకి వెళ్తే ఈసారి నేను వచ్చి చెప్తాను. వెనక గదిలో నా కోసం ఒక జ్ఞాపిక ఉందట. అది నాకు వద్దు, దాని మీద రాసింది నిజం కాదు. నేను దేవుడి ముందూ మీ ముందూ క్షమించమని అడుగుతున్నాను. ఇవాళ ఇంక ప్రసంగం లేదు."

తవసిముత్తు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"పోయే ముందు బాగా వాత పెట్టిపోతన్నారు అయ్యగారూ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే," అన్నాడు అందరికీ వినబడేట్టు. భార్యనీ కొడుకుల్నీ తీసుకుని మధ్య దారిలోంచి బయటికి వెళ్ళిపోయాడు. అతని వెనక ఇంకో రెండు కుటుంబాలు లేచాయి. మిగతావాళ్ళు ఎటు చూడాలో తెలియక పాటల పుస్తకాలు చూసుకున్నారు. అయ్యగారు దీవెన ఇచ్చారు. చెయ్యి ఎత్తడానికి కష్టమైంది, కానీ ఎత్తారు.

దీవెన అయ్యాక జనం బయటికెళ్ళి చెట్టు కింద గుంపులు గుంపులుగా నిలబడ్డారు. కొందరు అయ్యగారు సరిగ్గా చేశారన్నారు, కొందరు ముసలితనంలో మతి చెడిందన్నారు. వడ్డన మొదలవగానే రెండు పక్షాలూ పక్కపక్కనే విస్తళ్ళ ముందు కూర్చున్నాయి. కూర చల్లారిపోతే ఏ పక్షానికీ లాభం లేదు.

వెనక గదిలో అయ్యగారు తెల్ల అంగీ విప్పలేక తంటాలు పడుతుంటే వాకిట్లో ఎవరో నిలబడ్డట్టనిపించింది. రాసకని. లోపలికి రాలేదు. తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. ముఖం చూస్తే, పొద్దున వచ్చిన మనిషి కాదు.

"క్షమించమ్మా," అన్నారు ఆయన. "చాలా ఆలస్యం చేశాను. ఆ తోట..."

"తోట సంగతి కాదయ్యా," అంది ఆవిడ. "ఆయన నా పేరు పెట్టే అన్నాడా? మీరు మీ మాటల్లో చెప్పారా?"

అయ్యగారికి వెంటనే అర్థం కాలేదు.

"ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. 'ఇదిగో' అనేవాడు, 'ఏమేవ్' అనేవాడు, పదిమందిలో 'మా ఇంటిది' అనేవాడు. ఆయన నోట నా పేరు నేనెప్పుడూ వినలేదు. నిజంగా రాసకని అన్నాడా?"

"అన్నాడమ్మా. రెండుసార్లు అన్నాడు."

"కడుపు నిండా తిన్నది లేదని కూడా?"

"అదీ ఆయన మాటే."

రాసకని మెల్లగా గడప మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట ఎవరో అన్నం తెమ్మని అరుస్తున్నారు.

"నేను తిన్నానో లేదో ఆ మనిషి చూడనే చూడలేదనుకున్నానయ్యా," అంది. "ఏడేళ్ళు అట్టాగే అనుకుంటా బతికాను. చెట్లకి కోర్టుంది. ఈ మాట మీ దగ్గర పెట్టుకుని మీరేం చేసుకున్నారు?"

అయ్యగారు గోడ పట్టుకుని నెమ్మదిగా ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చున్నారు. ఇప్పుడు తనని లేపేవాళ్ళు ఎవరనేది ఆయన ఆలోచించలేదు.

రాసకని కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోసారి చెప్పండి," అంది. "తాళ్ళ సంగతి వద్దు. నా సంగతి ఆయన ఎట్టా అన్నాడో అట్టాగే చెప్పండి."

అయ్యగారు చెప్పారు.